జిల్లా పేజీలో పడ్డ ఫొటో

మొన్న మా ఆఫీసులో ఆటల గది తెరిచారు. గోడకి పెద్ద టీవీ, ఊదారంగు దీపాలు, ఒకసారి కూర్చుంటే లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాల్సిన మెత్తటి సంచుల్లాంటి కుర్చీలు. పని ఒత్తిడి తగ్గడానికీ, ఉద్యోగుల మధ్య స్నేహం పెరగడానికీ ఆటల్ని మించింది లేదని పైనుంచి అందరికీ మెయిల్ వచ్చింది. సీనియర్ని కాబట్టి రిబ్బన్ నా చేత కత్తిరించారు. హెచ్.ఆర్.లో కొత్తగా చేరిన ఒకతను, మర్యాద తెలిసినవాడే, కంట్రోలర్ నా చేతిలో పెట్టి, "భయపడకండి మేడమ్, ఈ బటన్ నొక్కితే ముందుకెళ్తుందండీ. మా అమ్మగారికి కూడా నేనే నేర్పించాను" అన్నాడు. "అలాగా నాయనా" అని నవ్వాను. ఫొటో తీశారు. కేకు తిన్నాను. సీటుకి వచ్చాక చూసుకుంటే కేకు పెట్టిచ్చిన కాగితం ప్లేటు నా గుప్పిట్లో ఉండలా నలిగిపోయి ఉంది. కోపం అతని మీద కాదు. అతను పలకా బలపం పట్టే రోజుల్లో నేను బెజవాడలో ఇదే పని చేసినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నానని అతనికెలా తెలుస్తుంది?

మా ఇల్లు వన్‌టౌన్‌లో ఉండేది. కింద బట్టల కొట్టు, పైన కాపురం. మాది నేత కుటుంబం. తాతగారి రోజుల్లో పామర్రు దగ్గర పల్లెలో మగ్గాలుండేవి. నాన్న మగ్గం వదిలేసి, నేసిన చీరలు అమ్ముకోవడానికి బెజవాడ వచ్చి స్థిరపడ్డాడు. కొట్లో కూర్చుని కూర్చుని ఆయన గొంతు పెంచడమనేదే మర్చిపోయాడు. యాభై చీరలు విప్పించి ఏమీ కొనకుండా వెళ్ళేవాళ్ళకి కూడా "మళ్ళీ రండమ్మా" అని చెప్పే మనిషి. కోపమొస్తే మాత్రం చక్కగా మడతపెట్టి ఉన్న చీర ఒకటి తీసి, విప్పి, మళ్ళీ మడతపెట్టేవాడు. అదే చీర మళ్ళీ విప్పుతున్నాడంటే మేం చప్పుడు కాకుండా మేడెక్కేసేవాళ్ళం.

అన్నయ్య పదో తరగతి పాసయ్యాడని నాన్న టీవీకి తగిలించే వీడియో గేమ్ కొన్నాడు. దాంతో వచ్చిన క్యాసెట్ మీద వేలకొద్దీ ఆటలున్నాయని రాసి ఉంటే నోరెళ్ళబెట్టాం. తీరా చూస్తే ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అవే పేర్లు మార్చుకుని మళ్ళీమళ్ళీ వస్తాయి. కొనేవాడికి ఒకటి చెప్పి చేతిలో ఇంకొకటి పెట్టే మా సాఫ్ట్‌వేర్ విద్య నేను మొదట చూసింది ఆ క్యాసెట్‌లోనే. అన్నయ్యకి వారంలో మొహం మొత్తి క్రికెట్ బ్యాటు పట్టుకుని పోయాడు. మిగిలింది నేనూ, మా మేనత్తా. అత్త నాన్నకి అక్క. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికొచ్చి మగ్గం మీద కూర్చుంది, ఆ తర్వాత మా ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యి అమ్మ నడుం వాల్చగానే అత్త నా పక్కన చాప మీద చేరేది. పైనుంచి ఇటుకలు పడుతుంటే సందుల్లేకుండా పేర్చే ఆట ఆమెకిష్టం. "మగ్గం కంటే ఇదే నయమే. చిక్కుపడితే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టుకోవచ్చు" అనేది. మెట్ల మీద చుట్టాల చెప్పుల చప్పుడైతే చాలు, ఆ మిషన్ మీద తువ్వాలు కప్పేసి గోంగూర కట్ట ముందేసుకునేది. ఎవరిదమ్మా ఇది అని అడిగితే "మా వాడిది" అనేది. ఆడేది మేమిద్దరం, పేరు మాత్రం వీధిలో క్రికెట్ ఆడుతున్నవాడిది. అప్పట్లో అది నాకు నవ్వులాటగానే ఉండేది.

నవ్వులాట కాదని ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది. మా కాలేజీ ఉయ్యూరు రోడ్డులో ఉండేది. చెరకు కోతల రోజుల్లో మా బస్సు లారీల వెనక పాకుతూ వెళ్ళేది. అబ్బాయిలు కిటికీల్లోంచి చేతులు చాపి గడలు లాగేవాళ్ళు. కంప్యూటర్ ల్యాబు సాయంత్రం ఐదయ్యేసరికి అమ్మాయిలకి మూసేసేవాళ్ళు, అబ్బాయిలకి తెరిచే ఉండేది. ఆ తర్వాత వాళ్ళక్కడ వెలగబెట్టేది చదువు కాదని, రెండు జట్లుగా విడిపోయి తుపాకులతో కాల్చుకునే ఆట అని, అటెండరు మొదలుకుని ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. "మీ రక్షణ కోసమేనమ్మా" అన్నారు అడిగితే. కంప్యూటర్‌లోంచి తూటా వచ్చి మాకే తగులుతుందేమో మరి. నేను ఆ ఆట ఏలూరు రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి నేర్చుకున్నాను. అక్కడ ఓనరు చదువుకోవడానికొచ్చాననుకుని నాకెప్పుడూ ఫ్యాను కింద సీటిచ్చేవాడు.

చదువయ్యాక ఊళ్ళోనే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. రెండో అంతస్తులో రెండు హాళ్ళు, ఒక అద్దాల గది. ఆస్పత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. ఉన్నది పాతిక మందిమే అయినా యజమానిని ఛైర్మన్ గారనే పిలవాలి. అక్కడి కంప్యూటర్లన్నిటినీ చూసుకునే అతను వించిపేట మసీదు పక్క సందు అబ్బాయి. వాళ్ళ నాన్నగారు షేర్వాణీలు కుట్టే టైలరు. అందరూ అతన్ని భాయ్ అనేవాళ్ళు, నేనూ భాయ్ అనే పిలిచేదాన్ని. శనివారాలు పనయ్యాక భాయ్ కంప్యూటర్లన్నీ కలిపి ఆట పెట్టేవాడు. ఛైర్మన్ గారికి తెలుసు. పిల్లలు ఆఫీసుని సొంత ఇల్లనుకుంటున్నారని మురిసిపోయేవారు కూడా. మొదటిసారి నేను కుర్చీ లాక్కుని కూర్చుంటే, "మీకు బోరు కొడుతుందేమోనండీ" అన్నాడొకడు. దూరం నుంచి గురిచూసి కొట్టే తుపాకీ తీసుకుని వాడినే ముందు పడగొట్టాను. ఆ తర్వాత ఎవరూ బోరు సంగతి ఎత్తలేదు.

ఆ చలికాలం ఒక కాలేజీ ఉత్సవంలో ఈ ఆటకి పోటీ పెట్టారు. భాయ్, నేను, మా ఆఫీసు అబ్బాయిలు ముగ్గురు కలిసి పేర్లిచ్చాం. హాల్లోకి అడుగుపెట్టగానే మైకు పట్టుకున్న కుర్రాడు నన్ను చూసి, "సిస్టర్, ప్రేక్షకులు అటువైపండీ" అన్నాడు. భాయ్ నవ్వకుండా, "మేం ప్రేక్షకులమండీ, ఆడేది ఆవిడ" అన్నాడు. గెలిచాం. చివరి ఆటలో మా వాళ్ళందరూ పడిపోయి నేనొక్కదాన్నే మిగిలాను. అవతల ఇద్దరున్నారు. ఎలా కొట్టానో ఇప్పుడు వర్ణిస్తే ఆటలు తెలియనివాళ్ళకి విసుగు, తెలిసినవాళ్ళకి అపనమ్మకం. హాలంతా లేచి నిలబడింది. అంతమంది నా కోసం అరవడం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. కప్పు చూడ్డానికి ఎంత పెద్దదో మొయ్యడానికి అంత బరువు. ఒక పిడి భాయ్ పట్టుకున్నాడు, ఒకటి నేను పట్టుకున్నాను, మిగతా ముగ్గురూ వెనక నిలబడ్డారు. ఆ ఫొటో పేపర్లో జిల్లా పేజీలో పడింది. అత్త కళ్ళజోడు పెట్టుకుని చూసి, "తల కాస్త దువ్వుకోవాల్సిందే" అంది. నాన్న పేపరు మడిచి పెట్టాడు. ఆఫీసులో ఛైర్మన్ గారు స్వీట్లు పంచారు.

స్వీట్లు పంచిన వారంలోనే ఆయన నాన్నని ఆఫీసుకి పిలిపించారు. మధ్యలో ఎవరో పెద్దమనిషి ఫొటో చూసి ఆయనతో ఏదో అన్నాడట. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి అద్దాల గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. నన్ను నిలబెట్టారు.

"మన పిల్ల అనుకుని చెబుతున్నానండీ. సాయంత్రాలు మగపిల్లలతో కూర్చుని ఆటలాడుతోంది" అన్నారు ఛైర్మన్ గారు.

"పని చెడగొట్టుకుని ఆడుతోందా అండీ?" అన్నాడు నాన్న.

"అబ్బే, పనికి వంక పెట్టడానికి లేదు."

"మీకు చెప్పకుండా ఆడుతున్నారా?"

"అదేం లేదండీ, నాకు తెలుసు."

"మరి నన్నెందుకు పిలిచారండీ?"

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాన్న ఇంకొక్క ప్రశ్న అడిగితే ఈయన దగ్గర జవాబుండదనుకున్నాను. ఛైర్మన్ గారు పేపరు తీసి బల్ల మీద పెట్టి, కప్పు రెండో పిడి దగ్గర వేలు పెట్టారు. "ఈ కుర్రాడు ఎవరో తెలుసు కదండీ? రేపు పెళ్ళి కావాల్సిన పిల్ల" అన్నారు. నాన్న ఆ ఫొటో వైపు చాలాసేపు చూశాడు. అడగాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయి. అవేవీ అడగలేదు. "రేపట్నుంచి ఆరింటికల్లా ఇంటికొచ్చేస్తుందండీ" అని దణ్ణం పెట్టి లేచాడు.

స్కూటర్ మీద ఏలూరు కాలవ వంతెన దాటుతుంటే అడిగాను. "నాన్నా, నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదమ్మా."

"మరి భాయ్ ఏం చేశాడు?"

"అతనూ ఏం చెయ్యలేదు. నువ్వు ఆరింటికి ఇంటికి రా." అంతే. ఛైర్మన్ గారి మీద వచ్చిన కోపం ఎలాంటిదో నాకు తెలుసు, అది బయటివాళ్ళ మీద వచ్చే కోపం. నాన్న వీపు చూస్తూ కూర్చున్నప్పుడు వచ్చింది వేరు. దానికి పేరు ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

మర్నాడు భాయ్ సీటు ఖాళీగా ఉంది. ఆఫీసు కంప్యూటర్లు దుర్వినియోగం చేసినందుకు తీసేశారని చెప్పారు. మాతో ఆడిన ముగ్గురినీ పిలిచి ఇంకోసారి ఇలా చెయ్యకండని చెప్పి పంపేశారు. నేను తలుపు కొట్టకుండా అద్దాల గదిలోకి వెళ్ళాను.

"అందరికంటే ఎక్కువ ఆడింది నేనండీ. తీసేస్తే నన్ను తియ్యండి" అన్నాను.

ఆయనకి కోపం కూడా రాలేదు. "కూర్చోమ్మా. నువ్వు ఆడపిల్లవి, నీకేం తెలుసు? వాడు ఆడించాడు, నువ్వు ఆడావు" అన్నారు.

హాలంతా లేచి నిలబడిన ఆట నాది. అది గొప్పయితే కంపెనీది, తప్పయితే భాయ్‌ది. తప్పు చేసేటంత తెలివి కూడా నాకుందని ఆ మనిషి ఒప్పుకోలేదు. అక్కడే తెల్ల కాగితం అడిగి రాజీనామా రాసిచ్చేశాను. మెట్లు దిగుతుంటే మనసు తేలిగ్గా ఉంది. ఆ తేలిక సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

భాయ్‌కి ఈ సంగతి చెప్పాలనుకున్నాను. ఒక్కదాన్నే వెళ్తే ఇంకో కథ పుడుతుందని అత్త తను కూడా వచ్చింది. వించిపేట సందులో చిన్న ఇల్లు, ముందుగదిలో కుట్టు మిషన్లు. వాళ్ళ నాన్నగారు మమ్మల్ని చూసి మిషన్ ఆపి లేచి నిలబడ్డారు. నేను రాజీనామా సంగతి చెప్పాను. భాయ్ మెచ్చుకుంటాడనుకున్నాను. అతను తల వంచుకుని, "ఎందుకండీ అలా చేశారు? ఇప్పుడందరూ మన గురించి అనేది నిజమే అనుకుంటారు" అన్నాడు. నేను మాట్లాడకుండా ఉంటే అతను ఒక్కడే దోషి. మాట్లాడితే ఇద్దరం దోషులం. ఎటు ఆడినా ఓడేలా కట్టిన ఆటలో మమ్మల్ని దింపారు. వాళ్ళమ్మగారు టీ ఇచ్చి, అత్త పక్కన కూర్చుని నెమ్మదిగా, "అక్కయ్యగారూ, మీ పిల్ల బంగారం. కానీ మళ్ళీ రావద్దని మీరే చెప్పండి. మాకు పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలున్నారు" అన్నారు. అత్త టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, "చెబుతానమ్మా" అంది.

ఇంటికొచ్చి అత్త మేడెక్కలేదు, నేరుగా కొట్లోకి వెళ్ళింది. గుమస్తా ఉన్నాడని కూడా చూడలేదు. "ఆ మాట పడాల్సింది నేను కాదురా, నువ్వు. ఆ ఛైర్మన్ ముందు నోరు తెరిచి ఒక్కమాట అనుంటే ఆ తల్లి నా ముందు చేతులు కట్టుకునేది కాదు" అంది. నాన్న చీర విప్పాడు. "విప్పు. ఎన్ని విప్పుతావో విప్పు. నీ కొడుక్కి కొన్న మిషన్ మీద ఇన్నేళ్ళు ఆడింది మేం. నీ కూతురూ, నేనూ. అది అబ్బాయిలు నేర్పితే నేర్చుకుంది కాదు, నా పక్కన కూర్చుని నేర్చుకుంది. వెళ్ళి చెప్పు మీ ఛైర్మన్‌కి" అంది. నాన్న ఏమీ చెప్పలేదు, ఎవరికీ. చాలా రోజులు కొట్లోంచి పైకి భోజనానికి ఆలస్యంగా వచ్చేవాడు. సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున నా ముందు నిలబడి, "హైదరాబాద్‌లో వెతుక్కుంటావా, ఇక్కడొద్దు" అన్నాడు. అది క్షమాపణో, వెళ్ళగొట్టడమో నేను అడగలేదు. వెళ్ళిపోయాను. అక్కడ ఉద్యోగం వచ్చింది, గది దొరికింది, నా డబ్బుతో నేను కొనుక్కున్న కంప్యూటర్ మీద ఇష్టమొచ్చినంతసేపు ఆడుకున్నాను.

ఆటల గది తెరిచాక వచ్చిన ఆదివారం, భాయ్ నంబరు పాత ఆఫీసు స్నేహితుడి దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు. పిల్లలు, చదువులు, మోకాళ్ళ నొప్పులు అయ్యాయి. ఊళ్ళోనే ఉన్నాడు. కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడట. ఆడుతున్నారా అంటే, కళ్ళు లాగుతున్నాయండీ అన్నాడు. ఛైర్మన్ గారు ఏమయ్యారని నేనే అడిగాను.

"బాగానే ఉన్నారండీ, పెద్దవారైపోయారు. వాళ్ళింట్లో కంప్యూటర్ పాడైతే నాకే ఫోన్ చేస్తారు. వెళ్ళి చూసొస్తాను."

"మీరు వెళ్తారా?"

"వెళ్ళకపోతే ఎలాగండీ. కాఫీ కూడా ఇస్తారు." ఆ వెంటనే, "మీకింకా కోపం ఉందా?" అన్నాడు.

ఉందన్నాను.

"నాకు లేదండీ. రోజూ ఆ వీధుల్లోనే తిరగాలి కదా, పెట్టుకుంటే కుదరదు" అన్నాడు. అన్నది మామూలుగానే, వాన పడుతోందని చెప్పినట్టు.

ఫోన్ పెట్టేశాక నా కోపం నా దగ్గర ఇంత భద్రంగా ఎందుకుందో అర్థమైంది. నేను ఊరు దాటి వచ్చేశాను కాబట్టి దాన్ని నాతో తెచ్చుకోగలిగాను. అతనికి ఆ వీలు కూడా లేకపోయింది. అది తలుచుకుంటే ఇంకా కోపం వస్తోంది. మా ఇద్దరికీ ఇరవై ఏళ్ళే గడిచాయి. కానీ అవి ఒకే ఇరవై ఏళ్ళు కావు.