మాస్టారి పుస్తకంలో కామాలు

ఆ అచ్చాఫీసులో అందరూ ఆవిడని టైపక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ల రాతలన్నీ టైపు కొడుతోంది. అందులో ఇంగ్లీషు మాస్టారి పుస్తకం ఒకటి. పిల్లలకి వ్యాసాలు రాయడం నేర్పే పుస్తకమది. అయ్యగారికి కలిపే మాటలంటే తగని మోజు. వాక్యం ఎత్తుకుంటే చాలు, ముందొక ‘హౌఎవర్’, కాదంటే ‘దేర్‌ఫోర్’, అదీ కాదంటే ‘ఫర్ ఎగ్జాంపుల్’. వాటి తర్వాత కామా పెట్టడం మాత్రం ఆయన వల్ల కాదు. పెడితే గిడితే అక్కర్లేని చోట, ‘బికాజ్’ ముందు పెడతాడు.

మూడు ముద్రణల్లోనూ ఆ కామాలన్నీ టైపక్కే సర్దింది. మధ్యాహ్నం అన్నం గబగబా మింగేసి, వ్యాకరణం పుస్తకాలు తిరగేసి మరీ నేర్చుకుంది. “ఈసారి ముందుమాటలో నీ పేరు వేస్తానమ్మా” అనేవాడు మాస్టారు. మూడుసార్లూ బావమరిది పేరే వేశాడు. ఆ మహానుభావుడు చేసిన సాయమేమిటో దేవుడికే తెలియాలి.

పోనీలే అని ఊరుకునేదే. కానీ మొన్న పదిమందిలో మాస్టారు, “టైపిస్టులకి కామా సంగతి ఏం తెలుసండీ, వేలు తగిలితే పడుతుంది” అని నవ్వాడు. టైపక్కకి ఒళ్లు మండిపోయింది. ఉండు నీ పని చెప్తా అనుకుంది.

నాలుగో ముద్రణకీ ఎప్పటిలాగే మాస్టారు కొత్తగా తిరగరాసిన కాగితాలొచ్చాయి. ఉన్నది ఉన్నట్టు కొట్టింది. ఒక్క కామా ముట్టుకోలేదు. కొడుతున్నంతసేపూ కసి తీరుతున్న హాయి.

ప్రూఫులు బడులకి పుస్తకాలు ఎంచే కమిటీకి వెళ్లి, వారం తిరక్కుండానే ఎర్రగీతలతో వెనక్కొచ్చాయి. ఇలాగైతే పుస్తకం తీసుకునేది లేదన్నారు. అచ్చాఫీసు యజమాని ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు.

“ఏమమ్మా, ఈసారి కామాలు పెట్టలేదేం?” మాస్టారే నోరుజారాడు.

యజమాని ఆయన కేసి చూశాడు. “అంటే ఇన్నాళ్లూ పెట్టింది ఈవిడా?”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, రెండ్రోజుల్లో సరిచేసివ్వు. అట్ట మీద ఆయన పేరు పక్కన నీ పేరూ వేయిస్తాను” అన్నాడు యజమాని.

ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకుందో. తీరా వింటే చాలలేదు.

“పక్కన వద్దండీ. ఆయన పేరు తీసేయండి.”

“అదెలా కుదురుతుందమ్మా? రాసింది ఆయన కదా.”

“అయితే కామాలూ కుదరవండీ.”

“అమ్మా, నీకు దణ్ణం పెడతాను” అన్నాడు మాస్టారు. టైపక్క ఆ మాట తీరిగ్గా వింది.

బడుల బేరం పోతుందని యజమాని తల గోక్కుని, కలం తీసి, అట్ట మీద మాస్టారి పేరు కొట్టేశాడు.