నీలం యూనిఫాం, తరంగిరే ఈగలు

పొద్దున్న ఏడింటికి కువైట్‌లోని ఎగైలాలో ఇంటికి తాళం పెట్టి బయల్దేరాం. నేను పనిచేసే ఇంటి యజమాని బాబా, ఆయన భార్య మామా, వాళ్ళ ఆరేళ్ళ పాప దానా, దానాని చూసుకునే నేను. వెళ్ళేది టాంజానియాకి, ఏనుగుల్ని చూడ్డానికి. నాకు అప్పగించిన పని మాత్రం ఏనుగులు కాదండి, పురుగులు. దానాని ఒక్కటంటే ఒక్క పురుగు కుట్టకూడదు.

ఆ పిల్ల ఒంటికి పురుగుకాటు పడదు. పోయిన చలికాలంలో వాళ్ళ తోటకి వెళ్ళినప్పుడు ఒక దోమ కుడితే మొహమంతా వాచిపోయి, ఊపిరాడక, ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది. ఈ ప్రయాణం సంగతి చెబితే డాక్టరుగారు అత్యవసరానికి సూదిమందు రాసిచ్చి, "వెళ్ళండి గానీ, కుట్టించుకోకండి" అన్నారు. ఆ సూదిమందు నా నడుముకి కట్టుకున్న సంచీలో ఉంది. ఒక్క కాటు పడినా ఖలాస్, ఆ రోజే వెనక్కి అని మామా ముందే చెప్పేసింది. దానా ఏమో ఏడాదిగా ఏనుగు బొమ్మని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది.

వంట చేసే రమణమ్మ గేటు దాకా వచ్చింది. వాళ్ళది రాయచోటి వైపు.

"దోమలు కుడతాయంటే జనం ఊరొదిలి పోతారు. మీరేందక్కా, టిక్కెట్లు కొనుక్కోని వాటికాడికే పోతాండారు?"

"అక్కడ ఏనుగులున్నాయంట రమణమ్మా."

"మా చిత్తూరు పక్క చెరుకు తోటల్లోకి అవే వస్తాండాయి గదక్కా, టిక్కెట్టు ల్యాకుండా."

బట్టల విషయం ఇక్కడే చెప్పాలి, ముందుముందు పనికొస్తుంది. అడవికి మట్టిరంగు బట్టలు వేసుకోవాలని మామా ఎక్కడో చదివి, ముగ్గురికీ ఖాకీ చొక్కాలు, ప్యాంట్లు, టోపీలు తెచ్చింది. నాకు దజీజ్ బజారులో కొత్తగా రెండు జతల యూనిఫాం కొంది. ముదురు నీలం, తెల్ల కాలరు. యూనిఫాం బట్టల లెక్కలోకి రాదు కదా, అందుకని దాని రంగు గురించి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. పైగా ఇంటి అలవాటు ప్రకారం అన్ని బట్టలకీ బుఖూర్ ధూపం పట్టించి మరీ పెట్టెలో సర్దాను.

మధ్యలో ఒకచోట విమానం మారాం. ఆ రోజు శనివారం కాబట్టి నేను రెండు అరటిపళ్ళు, కాసిని పాలతో సరిపెట్టుకున్నాను. రెండో విమానంలో నా పక్కన ఒక గుజరాతీ పెద్దాయన కూర్చున్నారు. మేం దిగబోయే అరుషా ఊళ్ళో కొట్టు ఉందట. హిందీలో మాట కలిపారు.

"దోమ సంగతి పొద్దుగూకాక చూసుకోమ్మా. పగలు సెట్సీ అని ఒక ఈగ ఉంటుంది. దోమలాగా పాట పాడుకుంటూ రాదు. గుడ్డ మీంచే కుట్టేస్తుంది."

"దానికి మందేంటండి?"

"ఒంటికి రాసుకునే మందుని అది పెద్దగా లెక్కచెయ్యదు. దేవుణ్ణి తలుచుకోవడమే."

అది నా దగ్గర ఉంది కాబట్టి ధైర్యంగానే కళ్ళు మూసుకున్నాను.

సాయంత్రం ఐదింటికి దిగాం. అరుషాకి కారులో గంట పైన పట్టింది. బసలో మంచాలకి దోమతెరలు కట్టి ఉన్నాయి. మాది కోనసీమ, దోమతెర కట్టడంలో నాకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. అంచులు పరుపు కిందకి దోపి, లోపల ఏమైనా చిక్కుకుందేమో టార్చి వేసి చూశాక పిల్లని పడుకోబెట్టాను. మీలో ఎవరైనా పిల్లలతో అటు వెళ్తే, ముందు ఎండకి రాసే క్రీము రాసి, అది ఆరాక పురుగుల మందు రాయండి. పిల్లల అరచేతులకి మాత్రం రాయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. చీకటి పడకముందే నిండు చేతుల చొక్కా, మేజోళ్ళు వెయ్యండి. మలేరియా మాత్రలు డాక్టరుగారు చెప్పినట్టు అన్నం తిన్నాకే వేసుకోవాలి.

మర్నాడు ఎనిమిదింటికి మా డ్రైవరు ఎమాన్యుయేల్ వచ్చాడు. ఎత్తైన జీపు, పైకప్పు తెరుచుకుంటుంది. వచ్చీరాగానే ముక్కు ఎగబీల్చి, "ఇంత వాసన అడవిలో మంచిది కాదు మేడమ్" అన్నాడు. బుఖూర్ మాన్పించడం బాబా వల్ల కూడా కాని పని. మామా అతన్ని ఒకసారి చూసి, "యల్లా, పద" అంది.

పదిన్నరకి తరంగిరే అడవి గేటు దాటాం. దారి పక్కన రెండు కర్రల మధ్య ఒక గుడ్డ కట్టి ఉంది. నీలం, నలుపు. ఎవరు ఆరేసుకున్నారో పాపం అనుకున్నాను.

"సెట్సీలని పిలవడానికి కట్టింది" అన్నాడు ఎమాన్యుయేల్. "నీలం, నలుపు అంటే వాటికి ప్రాణం. గుడ్డకి మందు పూస్తారు, వాలినవి చస్తాయి."

బాబా నా యూనిఫాం చూశాడు. మామా చూసింది. నేనూ చూసుకున్నాను. గేటు దగ్గరి గుడ్డదీ నాదీ ఒకే రంగు. నాకు మందు పూయలేదు, అంతే తేడా.

"ఇంకో జత ఉంది కదా?" అంది మామా.

"అదీ నీలమే మామా. ఉతికి బసలో ఆరేశాను."

మామా తన ఖాకీ శాలువా తీసి నాకు కప్పింది. చెట్లు దగ్గరపడగానే ఈగలు వచ్చాయి. జీపు కదిలేకొద్దీ వెంటపడి వస్తాయి. అద్దాలు బిగించాం. సరిగ్గా అప్పుడే ఎడమ పక్కన ఏనుగుల మంద కనిపించింది. పైకప్పు తెరిస్తేగానీ పిల్లకి ఆనదు. తెరిస్తే ఈగలు. బాబా కాసేపు ఆలోచించి, "వెనక్కి తిప్పు" అన్నాడు. దానా గొంతెత్తి ఏడవలేదు, ఏనుగు బొమ్మని అద్దానికి ఆనించి చూపించింది. అది చూడ్డం ఇంకా కష్టమైంది.

ఈలోపు తలుపు సందులోంచి లోపలికి దూరిన ఈగలు రెండు నా మోకాలి మీద, శాలువా లేని చోట వాలాయి. దానా నా పక్కనే ఉంది, అవి ఆ పిల్ల వైపు చూడను కూడా లేదు.

"పైకప్పు తెరవండి బాబా" అన్నాను. శాలువా తీసి దానాకి మెడ దాకా చుట్టి, ముందు సీటు వెనకాల నిలబెట్టాను. నేను అందరికన్నా వెనక సీట్లోకి పోయి కూర్చున్నాను. ఈగలు నా దగ్గరికే వచ్చాయి. సూది గుచ్చినట్టు ఉంటుంది, కాకపోతే సూది గుచ్చే నర్సు ముందు ఒక మాట చెబుతుంది. కాటుకి ఒకసారి గోవిందా అనుకున్నాను. స్వామిని ఒక్క పూటలో అన్నిసార్లు తలుచుకునే భాగ్యం ఇంట్లో ఉంటే దొరికేది కాదు.

ఎమాన్యుయేల్ ఒక రేకు డబ్బాలో ఎండిన ఏనుగు పేడ అంటించి జీపు వెనక కట్టాడు. మా ఊళ్ళో పశువుల పాకలో పిడక పొగ వేసినట్టే. పొగ లోపలికి రాగానే మామా ముక్కు మూసుకుంది.

"ఏనుగుల బుఖూర్" అన్నాడు బాబా. మామా నవ్వలేదు.

పొగకి కొన్ని పోయాయి, మిగిలినవి నా దగ్గరే ఉండిపోయాయి. దానా మాత్రం పిల్ల ఏనుగు తల్లి కాళ్ళ మధ్యలోంచి దూరి రావడం చూసింది.

సాయంత్రం బసలో పిల్లని తల నుంచి కాలి దాకా వెతికాను. ఏమీ లేదు. కాళ్ళూ చేతులూ దద్దుర్లతో నేను బియ్యపు వడియాల చాపలా ఉన్నాను. బసలో చిన్న కొట్టు ఉంది, అక్కడ ఖాకీ చొక్కాలు వేలాడుతున్నాయి. మామా ఒకటి తీసి నా భుజాలకి ఆనించి చూసింది. సరిపోయింది. అయినా డబ్బు కట్టేచోటికి వెళ్ళలేదు, అక్కడే నిలబడిపోయింది. రేపు నేను ఖాకీ వేసుకుంటే ఈగలు ఎవరి మీద వాలతాయో ఇద్దరికీ తెలుసు.

"నీలమే వేసుకుంటాను మామా" అన్నాను.

ఉన్న ఇంకో ఉపాయం కూడా చేశాం లెండి. మర్నాడు పొద్దున్నే విడి యూనిఫాం జీపు వెనక కట్టాం. గాలికి ఊడి ముళ్ళచెట్టుకి చిక్కుకుంది. దిగి తీసుకుందామంటే, "అది సింహాలు తిరిగే చోటు సిస్టర్" అన్నాడు ఎమాన్యుయేల్. తర్వాత కాపలావాళ్ళకి చెప్పి తీయిస్తానన్నాడు. సరే, వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నాను.

మామా ముందు సీట్లోంచి లేచింది. విమానంలో వేసుకొచ్చిన, బురఖాలాంటి నల్ల అబాయా సంచీలోంచి తీసి, ఖాకీ మీద వేసుకుని, పక్కకి జరగమన్నట్టు నా భుజం తట్టింది.

"మామా, నలుపు కూడా వాటికి..."

"విన్నాను. కూతురు నాది కదా. అన్నీ నీ దగ్గరికే ఎందుకు రావాలి?"

ఇక ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మొదటి కాటుకి మామా అరబ్బీలో అన్న మాట ఇక్కడ రాయలేను. రెండోదానికి దేవుణ్ణి తలుచుకుంది. ఆ పూట ముందున్నవాళ్ళు సింహాన్ని కూడా చూశారట. మాకు దాని తోక చివర కనిపించింది.

తిరుగు ప్రయాణం మంగళవారం మధ్యాహ్నం. దిగబెట్టేటప్పుడు ఎమాన్యుయేల్ చెప్పాడు, రాబోయే వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకి తప్పకుండా చెప్పమని. మాకు ఏ జ్వరమూ రాలేదు, స్వామి దయ. మీరు వెళ్తే లేత మట్టిరంగు బట్టలే పట్టుకెళ్ళండి. వెంట వచ్చే పనిమనిషికి ఏం రంగు కుట్టించారో కూడా చూసుకోండి.

విమానంలో దానా మా ఇద్దరి మధ్య కూర్చుంది. దద్దుర్లకి రాసే మందు గొట్టం ఒకటే ఉంది. మామా మూత తీసి, "ముందు నువ్వు" అని నా చేతికిచ్చింది. దానా నా చెయ్యి చూసింది, వాళ్ళమ్మ మెడ చూసింది, తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. మూతి ముడిచింది.

"అందరినీ కుట్టాయి. నన్నొక్కదాన్నే కుట్టలేదు."

"అల్హమ్దులిల్లా" అంది మామా.

"గోవిందా" అన్నాను నేను.

పిల్లని చెరో చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గోక్కుంటూ కువైట్ దాకా వచ్చాం.