కందిలి పక్కన చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వెలుగు అందరికీ ఒక్కలా దక్కేది కాదు. మాది మెట్‌పల్లి పక్కన చిన్న ఊరు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. పగటి వెలుగంతా బీడీలకే పోయేది. బడి నుంచి రాగానే అవ్వ పక్కన కూర్చుని, ఆమె చుట్టిన బీడీలకు నేను దారం కట్టేదాన్ని. పొద్దుగూకాక కందిలి ముట్టిస్తే అది మా అన్నది. ఇక నేను చదువుకునేది ఎప్పుడు? ఇంట్లో ఎవరికీ ఆ మాట తట్టలేదు.

పక్కింటి అక్కకు తట్టింది. ఏడో తరగతి దాకా చదివింది, నోరు కూడా పెద్దదే. ఆకు, తంబాకు వేసుకునే తన చాట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి, బీడీలు చుడుతూనే నాకు నోటిపాఠం చెప్పేది. సూర్యుడు, చుక్కలు, మెరుపు, మిణుగురు పురుగు వాటంతట అవే వెలిగేవి. దీపం, కందిలి, టార్చిలైటు మనిషి చేసుకున్నవి. మరి చందమామ అని నేనడిగితే నవ్వేది. వాడు సూర్యుని దగ్గర ఎరువు తెచ్చుకున్న సొమ్ములు పెట్టుకుని ఊరంతా తిరిగేటోడు, వాణ్ణి లెక్కలో వేయకు అనేది.

నేను పాఠాలు అందుకోలేకపోతున్నానని పంతులు బాపుతో అన్నాడట. మూడో తరగతి కాగానే మాన్పిద్దామని బాపు అనుకున్నాడు. ఆ సంగతి తెలిసి అక్క ఒక ఉపాయం పన్నింది. ఒకనాడు సాయంత్రం బాపు కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే, వెలుగుల పాఠం నాతో ఒప్పజెప్పించింది. నేను ఎక్కడా ఆగలేదు. బాపు మురిసిపోయాడు, నా తల నిమిరాడు. అప్పుడు అడిగింది అక్క.

“కాకా, సూర్యునికి ఆడపిల్ల, మొగపిల్లగాడు అని తేడా లేకపాయె. మనిషి ముట్టిచ్చిన కందిలికే ఎందుకు? జర దీన్ని గూడ అన్న పక్కన కూసోనియ్యి.”

అన్న పాపం అప్పటికే చాప మీద కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. బాపుకు కోపం రాలేదు. అన్న భుజం పట్టి, మెల్లగా వాణ్ణి మళ్లీ నడుమకు జరిపాడు.

“గ్యాసునూనె కొనుక్కునేది బిడ్డా. ఆడపిల్లకు దేవుని ఎలుగు సాలు.”

ఒకరు చదివినా ఇద్దరు చదివినా కందిలిలో కాలేది అదే నూనె. అది ఆయనకు తెలియదా? తెలుసు. అవ్వకూ తెలుసు, తల వంచుకుని తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది. అంత నోరున్న అక్క కూడా చాట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఎండాకాలం సెలవులయ్యాక నన్ను బడికి పంపలేదు. బాపు మెట్‌పల్లి అంగడి నుంచి నాకంటూ వేరే చాట తెచ్చాడు. చిన్నది, నా ఒడికి సరిపోయేది. ఎంత ప్రేమగా చేతికిచ్చాడో! దేవుని వెలుగు ఉన్నంతసేపూ దాని ముందే కూర్చున్నాను.

ఆయన చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేదాన్ని. నాకు జ్వరమొస్తే బండి కట్టుకుని పరుగెత్తిన మనిషి. పోయి చాలా ఏళ్లయింది. బాపు మంచోడని ఊరంతా అంటుంది, నేనూ అంటాను. ముసలిదానివయ్యావు, ఇకనైనా ఆ కోపం వదిలెయ్యమని నా పిల్లలు పోరుతుంటారు. వదలను. చదువుకోవాలని ఆ ఇంట్లో నాకు ఎంత ఆశ ఉండేదో చెప్పడానికి ఇప్పుడు ఆ కోపం ఒక్కటే మిగిలింది.