ఇంజను దగ్గర నిద్రపోయాడని రాశారు

సముద్రం అడుగునుంచి ఓడ లేచివచ్చి పైనున్న ఓడను గుద్దిందని పూతలపట్టు క్రాసులోని ఎస్టీడీ బూతు అతను సైకిలేసుకుని వచ్చి చెబితే, మా నాయన అతన్ని తిట్టాడు.

"గుద్దితే ముందునుంచన్నా గుద్దాల, ఎనకనుంచన్నా గుద్దాల. కిందనుంచి గుద్దేదేందబ్బా! పొద్దున్నే ఏసుకున్నావా?" అన్నాడు.

అతను పాపం ఏమీ తాగలేదు. చెన్నై ఏజెంటు ఫోనులో చెప్పింది చెప్పినట్టు మోసుకొచ్చాడు. ఓడ మునిగింది, మా అన్న బతికాడు, ఎదురింటి పిన్నమ్మ కొడుకు దొరకలేదు. నేనప్పుడు తిరుపతి కాలేజీ హాస్టలు నుంచి సెలవులకు వచ్చి ఇంట్లోనే ఉన్నాను. నాకూ నమ్మకం కలగలేదు. జలాంతర్గామి అనే మాట పుస్తకంలో చదివానుగానీ, అది మా వీధిలో మనిషిని మింగుతుందని ఎవరనుకుంటారు? ఎదురింటికి వెళ్లి చెప్పడానికి ఎవరికీ కాళ్లు రాలేదు. చివరికి మా అమ్మే వెళ్లింది.

మా ఊళ్లో సముద్రం చూసినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అన్నా, పిన్నమ్మ కొడుకూ బంగారుపాళ్యం దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో చేసేవాళ్లు. అన్న కోల్డు స్టోరేజీలో, అతను బాయిలరు దగ్గర. కాయల సీజను అయిపోతే మిగతా ఏడాదంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. చేపల్ని పట్టి అక్కడికక్కడే గడ్డకట్టించే పెద్ద ఓడ ఒకటుంది, విదేశీ కంపెనీది, సరిగ్గా ఈ రెండు పనులూ వచ్చినవాళ్లు కావాలి అని ఏజెంటు వస్తే ఇద్దరూ ఎగేసుకుని పోయారు. ఈత రాని సన్నాసులు ఇద్దరూ! పిన్నమ్మ మాకు చుట్టమేం కాదు, వీధి వరస. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమెకున్నది ఆ ఒక్క కొడుకే.

నెలన్నరకు అన్న ఇంటికొచ్చాడు. ఎడమచెయ్యి కట్టుతో ఉంది. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్లున కాస్తుండగా జరిగిందని చెప్పాడు. పైకి లేచే ముందు చుట్టూ చూసుకోవాల్సినవాళ్లు చూసుకోలేదు. ఆ జలాంతర్గామి ఏ దేశానిదో ఇక్కడ రాయను. పెద్ద దేశం, అంతే. అన్న వచ్చి నాలుగు రోజులైనా ఎదురింటి గడప తొక్కలేదు. ఆ ఇంటివైపు చూడకుండా దొంగకు తేలు కుట్టినట్టు ఉండేవాడు. బతికి వచ్చినందుకు సిగ్గుపడుతున్నాడు కాబోలని నేను జాలిపడ్డాను.

పిన్నమ్మే వచ్చింది. "ఆకర్న ఏమన్నా అన్నాడా అబ్బోడా?" అని అడిగింది.

"నేను పైన గదిలో ఉండా పిన్నమ్మా. వాడు కింద ఇంజను కాడ ఉండాడు," అన్నాడు అన్న, నేల చూస్తూ.

ఆ దేశపు సైన్యం విచారణ జరుపుతోందని ఏజెంటు చెప్పాడు. అది విని నేను ధైర్యంగా ఉన్నాను. నాకు మిలిటరీ అంటే అంత గురి. స్టేషన్లో పంచాయితీలా కాదు, అక్కడ తప్పు చేసినవాడు ఎంత పెద్ద ఆఫీసరైనా భుజంమీది పట్టీలు ఊడదీసి నిలబెడతారు అని పిన్నమ్మకు గొప్పగా చెప్పేదాన్ని. అది ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నాకు నేనే అనుకున్నాను.

ఏడాది కావస్తుండగా ఆ సైన్యం నుంచి పెద్ద కవరు వచ్చింది, పిన్నమ్మ పేరుమీద. అంతా ఇంగ్లీషు. సెలవులకు వచ్చి ఉన్న నేను ఆమె ఇంటి అరుగుమీద కూర్చుని ఒక్కో వాక్యం చూసుకుంటూ తెలుగులో చెబుతూ పోయాను. మా అమ్మ, నాయన, ఇంకో నలుగురు చుట్టూ ఉన్నారు. అన్న మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. జరిగినదానికి విచారిస్తున్నాం అని మొదలుపెట్టారు. ఆ తర్వాత అంతా పాము చావకుండా కర్ర విరగకుండా రాశారు. జలాంతర్గామి కెప్టెన్ మరికొంత జాగ్రత్తగా ఉండాల్సిందట. అతన్ని మందలించి ఒడ్డున ఆఫీసు పనికి మార్చారట. అయితే ఆ సమయంలో చేపల ఓడ ఇంజను ఆగి ఉందట. ఇంజను చప్పుడు ఉంటే కిందివాళ్లకు తెలిసేదట. ఇంజను చూసుకోవాల్సిన పనివాడు దాన్ని ఆపేసి నిద్రపోయాడు, ఈ సంగతి అదే ఓడలో శీతలగదిలో పనిచేసి బతికి బయటపడిన భారతీయుడు సంతకం చేసి ధ్రువీకరించాడు.

ఈ చివరి వాక్యం నా నోటినుంచి బయటికొచ్చేసింది. అర్థం తర్వాత తట్టింది. శీతలగది. బతికి బయటపడిన భారతీయుడు. ఆ ఓడలో మన దేశపువాళ్లు ఇద్దరే ఇద్దరు. తల ఎత్తేసరికి మా ఇంటి గుమ్మం ఖాళీగా ఉంది.

పిన్నమ్మ గుండెలు బాదుకుంటుందనుకున్నాను. బాదుకోలేదు. "నా కొడుకు నిద్రపోయినాడా?" అంది. "సీజనులో రెండు రోజులు రెప్పెయ్యకుండా బాయిలరు కాడ కూసునేటోడు. వాడు పనికాడ నిద్రపోయినాడా?"

నా చేతిలోని కాగితం తీసుకుని మడిచింది.

"మీ అన్నను కాణిపాకం రమ్మను పాపా. ఆడ సామి ముందర సెప్పమను. నమ్ముతా," అంది.

కాణిపాకం మాకు గంట దూరం. అక్కడ వినాయకుడి ముందు నీళ్లోసుకుని, తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తే దానికి తిరుగులేదు. అబద్ధపు ప్రమాణం చేసినవాడు బతికి బట్టకట్టడని మా జిల్లాలో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. కాణిపాకం పోదాం రా అనగానే ఎత్తుకుపోయిన మేకను తెచ్చి కట్టేసినవాళ్లను నేను చూశాను. కోర్టులో నోరు విప్పనివాడు అక్కడ విప్పుతాడు.

మా నాయనకు కోపం వచ్చింది. "సచ్చినోని కండ్లు సారెడంట! బతికొచ్చినోన్ని నిలదీసేది యాడన్నా ఉండాదా?" అని ఎగిరాడు. అమ్మ వద్దే వద్దంది. వాళ్లిద్దరినీ నేనే నోరు మూయించాను. "నిజం చెప్పినోడికి బయమెందుకు నాయనా? నేనే పిల్చకపోతా," అన్నాను. నాకు అన్నమీద అంత నమ్మకం. పిన్నమ్మమీద లోలోపల మంట కూడా. కొడుకు పోయిన బాధలో మా అన్నను దొంగను చేస్తోందని. అన్న మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు. బస్సెక్కమంటే ఎక్కాడు.

నీళ్లోసుకుని వచ్చాడు. పంచె కాళ్లకు అంటుకుపోయి నీళ్లు కారుతున్నాయి. పిన్నమ్మ ఒక పక్క, పొడితువ్వాలు పట్టుకుని నేనొక పక్క. కర్పూరం వెలిగించారు. అన్న చెయ్యి ముందుకు చాచాడు. "వాడు ఇంజను ఆపి..." అని మొదలుపెట్టాడు.

అంతే, పిన్నమ్మ ఒక్క ఉదుటున వచ్చి అరచేత్తో అతని నోరు మూసేసింది.

"వద్దురా! అబద్దమాడి నువ్వు గూడా పోతావు. మీయమ్మ నా మాదిరి అయిపోతాది. వద్దు నాయనా, సెప్పొద్దు."

తన కొడుకుమీద నింద వేసినవాణ్ణి కాపాడటానికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పొడితువ్వాలు పట్టుకుని పెళ్లిపెద్దలా నిలబడ్డ నేను ఏం చేశాను? అన్న అక్కడే కూలబడ్డాడు. ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు విని కర్పూరం పట్టుకున్న పూజారి పక్కకు తిరిగాడు.

బయటికొచ్చి గుడి అరుగుమీద కూర్చోబెట్టాక అన్న అంతా చెప్పాడు. ఆసుపత్రి మంచం దగ్గరికి తెల్లబట్టల ఆఫీసర్లు ఇద్దరు వచ్చారట, హిందీ మాట్లాడే మనిషిని వెంటబెట్టుకుని. ఇంజను ఆగి ఉండిందా అని అడిగితే లేదన్నాడు. మర్నాడు మళ్లీ అడిగితే మళ్లీ లేదన్నాడు. మూడోనాడు కాగితం రాసే తెచ్చారు.

"లేదని ఇట్లే పట్టుబడితే ఇచారణ అయ్యేదాకా ఈడే ఉండాల, ఏడాదో రెండేండ్లో అన్నారు. సంతకం పెడితే వారంలో ఇంటికన్నారు. సచ్చినోనికి యెవురూ శిక్ష ఎయ్యరు, నీకేం బాద అన్నారు. వానికి ఇంగ పోయేదేముండాదిలే అనుకున్యా పిన్నమ్మా. ఇంజను ఆడతానే ఉండింది. నా కాళ్లకింద అదురు నాకు తెలస్తానే ఉండింది."

నాకు అన్నను కొట్టాలనిపించింది. పెద్దవాడు కాబట్టి చెయ్యి లేవలేదుగానీ నోటికొచ్చినట్టు తిట్టాను. "నీకు మనసెట్ల వచ్చిందిరా?" అన్నాను. పుట్టి బుద్ధెరిగి అన్నను 'రా' అన్నది అదే మొదలు. పిన్నమ్మే నన్ను ఆపింది. "గమ్మునుండు పాపా. వాడు సెప్పినాడు గదా. ఆ గుద్దినోడు సెప్పలే," అంది.

అప్పుడు నాకు తెలిసివచ్చింది. మేమందరం కాణిపాకంలో ఒకరినొకరు నిలదీసుకుంటున్నాం. ఓడను ముంచినవాడు ఏ గుడిముందూ నిలబడలేదు. చల్లగా ఒడ్డున ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు.

ఆ వారమే అన్న చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. మొదటి సంతకం బెదిరించి తీసుకున్నది, ఇంజను నడుస్తూనే ఉంది, దాని దగ్గరి మనిషి మెలకువగానే ఉన్నాడు. అన్న సంతకం పెట్టాడు. పిన్నమ్మ వేలిముద్ర వేసింది. చిత్తూరు పెద్ద పోస్టాఫీసులో ఆ సైన్యం చిరునామాకు రిజిస్టరు చేసి వచ్చాం. రోజూ పోస్టుమాను వచ్చే వేళకు ఆమె వాకిట్లో ఉండేది.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఈసారి నేను తెలివిగా ముందు మనసులో చదువుకున్నాను. నాలుగే వాక్యాలు. విచారణ ముగిసింది. సాక్షి తన ఇష్టప్రకారమే సంతకం చేశాడు. తిరిగి తెరవడానికి కారణం కనిపించలేదు. మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం.

పిన్నమ్మ నా మొహంలోకి చూస్తోంది. "ఏం రాసినారు?"

"ఒప్పుకున్నారు పిన్నమ్మా," అన్నాను. "నీ కొడుకు నిద్రపోలేదని రాసినారు."

నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. "నువ్వు గూడానా పాపా?" అంది.

కాణిపాకంలో అన్నను తిట్టిన నోరు ఇదే. ఉత్తరం మళ్లీ తీసి, ఉన్నది ఉన్నట్టు నాలుగు వాక్యాలూ చదివాను. చివరిదాకా విన్నది.

"ఇప్పుడు నువ్వన్న ముక్క ఉండాదే, నా కొడుకు నిద్రపోలేదని. ఆ ముక్క వాళ్ల సేత రాయించు. రాసేదాకా మల్లా మల్లా రాయి," అంది.

రాశాను. చదువు అయ్యాక రాశాను, పెళ్లయి అత్తారింటికి వచ్చాక కూడా రాశాను. ఆమె ఉన్నన్నాళ్లూ రాస్తూనే ఉన్నాను. వాళ్లు ప్రతిసారీ మర్యాదగా జవాబిచ్చారు. ఆ ఒక్క ముక్క మాత్రం రాయలేదు.