దానియేలు మాస్టారి తేలని పరీక్ష

రాజోలు దానియేలు మాస్టారు ఇక లేరని ఆయన భార్య సుగుణమ్మగారు ఆదివారం ఉదయం ఫోనులో చెప్పారు. నమ్మలేకపోయాను. ఆవిడ గొంతు వెనక కంప్యూటరు ఫ్యాన్ల హోరు వినిపిస్తూనే ఉంది. ఆయన మొదలుపెట్టిన పరీక్ష ఇంకా నడుస్తోందన్నమాట.

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక ఆయన చదరంగం ఆడే ప్రోగ్రాముల మీద పడ్డారు. రెండు ప్రాసెసర్లున్న పాత సర్వరొకటి కొని ముందుగదిలో పెట్టారు. కొబ్బరి వ్యాపారుల దగ్గర పద్దులు రాస్తూ, పుస్తకాలు చూసి గణితం నేర్చుకున్న నాకు అదే బడి అయింది.

ప్రాసెసరులో లెక్కలు చేసే భాగాన్ని కోరు అంటారు, ఒక్కో కోరును రెండుగా చూపించే ఏర్పాటును హైపర్‌త్రెడింగ్ అంటారు. అది వాడితే ప్రోగ్రాము సెకనుకు ఎక్కువ ఎత్తులు పరిశీలిస్తుంది. నేను సంబరపడ్డాను.

"అంకె పెరిగిందండీ సత్యంగారూ, ఆట పెరిగిందా?" అన్నారాయన. "ఒకే పొయ్యి దగ్గర ఇద్దరు వంటవాళ్ళని పెట్టేరు. ఒకడు తరిగిన వంకాయే రెండోవాడూ తరుగుతున్నాడేమో చూసేరా?"

"ఆయ్, చూళ్ళేదండీ."

అది చూడటానికే ఆ పరీక్ష. ఒకే ప్రోగ్రామును రెండు జట్లు చేసి ఒకదాని మీద ఒకటి ఆడించడం. ఒకదానికి అసలు కోర్లెన్నో అన్ని త్రెడ్లు, అంటే పొయ్యికొక వంటవాడు; రెండోదానికి రెట్టింపు. మొదట్లో రెట్టింపు జట్టు వరసగా గెలిచింది. అందరికీ చెప్పేద్దామన్నాను. "నాలుగాటలు చూసి నమ్మేవాడు జాతకాలు చెప్పుకోవాలండీ" అని నవ్వారు. నిజంగానే కొన్నాళ్ళకు ఆ ఆధిక్యం కరిగిపోయింది. కొద్దిసార్లు చూసి దేన్నీ నమ్మకూడదన్న ఆ నియమాన్ని ఆయన ఎక్కడా సడలించలేదు. నన్ను భయపెట్టిన సంగతి అదే.

పోయిన నెల ఆ యంత్రం ముందే ఎడమచెయ్యి పట్టుకుని కూలబడ్డారు. ఒళ్ళంతా చెమట.

"కారు పిలిపించేను. అమలాపురం ఆస్పత్రికి వెళ్దాం, లేవండి" అన్నారు సుగుణమ్మగారు.

"నొప్పి ఒక్కసారేగా వచ్చింది సుగుణా. ఒక్కటి లెక్కలోకి రాదు."

"నేనూ ఒక్కదాన్నే కదండీ. నన్నూ లెక్కలోంచి తీసేసేరా?"

"వెళ్దాం మాస్టారూ. పరీక్ష నేను చూసుకుంటాను" అన్నాను.

ఆయన చూపు తెర మీదే ఉంది. "ఇంకోసారి వస్తే వెళ్దాం లెండి" అని కారు తిప్పి పంపేశారు.

శనివారం సాయంత్రం ఇంకోసారి వచ్చింది. ఆస్పత్రి దారిలో కారు తాటిపాక దాటకముందే ప్రాణం పోయింది.

సమాధి చేసి వచ్చాక ఆవిడ అడిగారు: "ఎవరు గెలిచేరండీ?"

రెట్టింపు జట్టు పిసరంత ముందుంది. మాస్టారి లెక్కలో అది గెలుపు కాదు. "తేలలేదమ్మా. ఇంకా చాలా ఆటలు కావాలి" అన్నాను.

"ఆయనకి రెండే చాలేయి" అన్నారావిడ.

ఆయన శిష్యులు ఇది చదువుతారు. ఆయన నేర్పిన లెక్క తప్పు కాదు. చదరంగంలో ఎన్ని ఆటలైనా మళ్ళీ ఆడించవచ్చు, అందుకే అది అక్కడ చెల్లింది. దానియేలు మాస్టారిని మళ్ళీ ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం?