మందు తాగిండు

పొద్దుటి నుంచి ఫోను చేతిలోంచి కింద పెట్టలేదు. ఇక్కడ నిజామాబాదులో నర్సు చదువు చదివి గల్ఫులో ఒక ఆసుపత్రిలో చేరిన మా చెల్లెలి కూతురు, అక్కడి రోగి అన్న మాటేదో అర్థం కాక కేసు షీటులో తప్పు రాసిందట. పది గంటలకు వచ్చి కలవమని అక్కడి పెద్ద సిస్టర్ కబురు పెట్టిందని, మాటలు పడి ఉండలేను పెద్దమ్మా, వచ్చేస్తానని ఏడ్చింది. ఆ పెద్ద సిస్టర్ ఎలాంటి మనిషో అన్నదే నా దిగులంతా.

నేను నర్సుగా డ్యూటీలో చేరిన కొత్తలో బోధన్‌లోని మా చిన్న ఆసుపత్రికి నేపాల్‌లో నర్సు చదువు చదివిన అమ్మాయి ఒకతె వచ్చింది. ఆమె సూది వేస్తే పసిపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు గానీ, ఆమె తెలుగు వింటే మాకు నవ్వాగేది కాదు. నవ్వడమే తప్ప ఒక్క మాట నేర్పిన పాపాన పోలేదు, అందులో నేనే ముందుండేదాన్ని. ఒక మధ్యాహ్నం పసుపు చేనులో పురుగుమందు కొడుతూ, దాహానికి మంచినీళ్లనుకుని ఆ సీసానే ఎత్తిన రైతును వాళ్లవ్వ పట్టుకొచ్చి, "నా కొడుకు మందు తాగిండు సిస్టరమ్మా, జర సూడు" అని మొత్తుకుంది. మందంటే మనం రోగులకిచ్చేదనే నేర్చుకున్న ఆ పిల్ల, మందు వేసుకున్నాడని కేసు షీటులో రాసి ఆయనను బెంచీ మీద కూర్చోబెట్టింది. అటుగా వచ్చిన మా పెద్ద సిస్టర్‌కు పురుగుమందు వాసన తగిలింది కాబట్టి సరిపోయింది.

ఆయన గండం గడిచాక డాక్టరు గారు ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. పెద్ద సిస్టర్ అడ్డం నిలబడి, "తప్పు ఆ పిల్లది కాదు సార్, నాది. మన మాటలు నేర్పియ్యకుండనే డ్యూటీల నిలబెట్టిన" అంది. మర్నాటి నుంచి డ్యూటీకి ముందు చాయ్ తాగుతూ రోజూ పాఠం. నవ్విన నేరానికి ఆ పని నాకే అప్పగించింది. మొదటి పాఠం మందే: చేనుకు కొట్టేదీ మందే, దుకాణంలో తాగేదీ మందే, మనమిచ్చేదీ మందే. వెళ్లిపోదామని సంచి సర్దుకున్న ఆ అమ్మాయి మళ్లీ విప్పుకుంది. హైదరాబాదు నుంచి ఎక్కువ జీతానికి పిలుపొచ్చినా, పెద్ద సిస్టర్ రిటైరయ్యేదాకా కదలలేదు.

ఇప్పుడు మా పిల్ల ఆసుపత్రిలో ఇలాంటి తప్పులన్నీ కంప్యూటరులోనే నింపుతారట. తప్పెవరు చేశారో రాయడానికి గడి ఉందట, నేర్పనిదెవరో రాయడానికి లేదట. అయినా ఒకరిని అనడమెందుకు, తర్వాత నేనూ పెద్ద సిస్టర్‌నై ఎందరినో నిలదీశాను, తప్పు నాదని మాత్రం ఒక్కనాడూ అనలేదు. నా నోట రాని ఆ మాట, ముక్కూ మొహం తెలియని ఆ గల్ఫు పెద్ద సిస్టర్ నోట రావాలని పది గంటల నుంచి మొక్కుతూ కూర్చున్నాను.