చీటీ లేని పిల్ల

మార్కాపురంలో మా డిగ్రీ కాలేజీ లైబ్రరీకి పదకొండేళ్లు తాళాలు వేసి కూర్చున్నది నేనే. బీరువాలన్నిటికీ తాళం, గుమ్మానికి అడ్డంగా నా బల్ల. పుస్తకం కావాలంటే దాని పేరు చీటీ మీద రాసివ్వాలి, నేను తీసివ్వాలి. స్టాకు తనిఖీలో ఒక్క పుస్తకం తగ్గినా నిలదీసేది లైబ్రేరియన్నే. ఆ భయంతో గడ్డివాము దగ్గర కుక్కలా కాపలా కాశాను.

ఒక ఏడాది పుల్లలచెరువు వైపు పల్లె నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి మూడు రోజులు వరసగా నా బల్ల ముందు నిలబడి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. నాలుగో రోజు నాకే విసుగొచ్చింది.

"చీటీ ఏదమ్మా? ఏ పుస్తకం కావాల?"

"పేర్లు తెలీదు మేడం. చూస్తే తెలుస్తాది."

చెంప మీద కొట్టినట్టయింది. కంటితో చూడని పుస్తకానికి ఎవరైనా పేరెలా రాస్తారు? నా మీద నాకే సిగ్గేసింది. బల్ల పక్కకు లాగి, తాళాలన్నీ తీసేశాను. ఆ పిల్ల చెప్పులు బయట విడిచి వచ్చింది. "వేసుకో, ఇది గుడి కాదు" అన్నాను.

తర్వాత వెలిగండ్ల వైపు పల్లెల పిల్లలు వచ్చారు. టౌనులోని ముస్లిం ఆడపిల్లలు ఉర్దూలో గుసగుసలాడుకుంటూ బీరువాల మధ్య తిరిగారు. రెండు పుస్తకాలు కనపడకుండా పోయాయి కూడా, అబద్ధమెందుకు?

సీనియర్ లెక్చరర్ ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంది మేడం, సంత చేసినారు? ఈ పల్లెటూరోళ్లకు పుస్తకం విలువ ఏం తెలుసు?"

"పోయినేడు ఒక బీరువా పుస్తకాలన్నీ చెదలు తిన్నాయి సార్. వాటికి తెలుసా?"

రెండ్రోజుల్లో ప్రిన్సిపాల్ మెమో ఇచ్చారు. సోమవారం నుంచి మళ్లీ తాళాలు వేయాలట. వేయనని రాసి సంతకం పెట్టాను. సంగతి తెలిసి ఆ పిల్ల వచ్చింది.

"నా వల్ల మీకు మాట వచ్చింది. ఇంక రాను మేడం."

నాకు ఒళ్లు మండింది. "నువ్వు రాకపోతే వాళ్లన్నదే నిజమైపోతుంది. వస్తావంతే" అన్నాను.

సోమవారం ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చారు. తెరిచిన బీరువా పక్కన కూర్చుని చదువుతున్న ఆ పిల్లను చూశారు.

"ఎవరు నువ్వు? నిన్ను లోపలికి ఎవరు రమ్మన్నారు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె లేచి నిలబడింది. పుస్తకం మాత్రం మూయలేదు.

"ఈ కాలేజీలోనే చదువుతున్నా సార్. మా లైబ్రరీకి నన్ను ఇంకొకరు రమ్మనాల్నా?"